బోణీ వేళ నిప్పుల గొడుగు

మా వనపర్తి ఎండల గురించి అడిగితే ఎవరైనా గంటసేపు చెబుతారు. చలి గురించి అడిగితే మాత్రం "గదేం చలి, ఒక్క దుప్పటి ముచ్చట" అని తీసిపారేస్తారు. అలాంటి ఊళ్లో, మంట మండే గొడుగొకటి కొని బజారున నిలబెట్టిన ఘనత నాది. మిరపకాయల బస్తా మీద కూర్చుని కారం బదులడిగినట్టుంది నీ తెలివి అన్నాడు మా ఆయన. నిజానికి అంతకంటే ఘోరంగానే ఉండింది. ఆ సంగతి ఆయనకు అప్పటికింకా తెలియదు.

నేను గద్వాలలో స్టీలు సామాన్ల దుకాణంలో పుట్టాను. దుకాణంలో అంటే దాని వెనక గదిలో. నొప్పులు పడుతూ కూడా మా అమ్మ ముందరి గిరాకీకి గంగాళం ధర కేకేసి చెప్పిందని మా నాన్న ఊరంతా చెప్పుకున్నాడు. నడక కంటే ముందు నాకు బేరం వచ్చిందంటారు మా వాళ్లు. మెట్టినిల్లు వనపర్తి పాత బజారులో కిరాణా దుకాణం. అంటే ఒక గల్లా పక్క నుంచి లేచి ఇంకో గల్లా పక్కన కూర్చున్నాను. గల్లా మీద మాత్రం ఎక్కడా కూర్చోలేదు.

ఎందుకంటే అక్కడ మా అత్త ఉంది.

మామ పోయిన దగ్గరి నుంచి తెల్లవారుజామున షట్టరెత్తి, అరుగు మీద గల్లాపెట్టె ముందు వేసుకుని కూర్చునేది ఆవిడే. లోపల నేల నుంచి కప్పు దాకా బస్తాలు. మనుషులు పట్టే చోటు అరుగొక్కటే, పైన రేకుల పందిరి. చుట్టుపక్కల ఊళ్లలో చిన్న చిన్న దుకాణాలు పెట్టుకున్నవాళ్లు ఖిల్లా ఘణపూర్ నుంచి, అమరచింత వైపు నుంచి, మొదటి బస్సుకో పాల ఆటోకో వచ్చి దిగుతారు. ఆవిడ చేతి మీదుగా మొదటి సరుకు అందుకుంటే ఆ రోజు తమ దుకాణం కూడా నడుస్తుందని వాళ్ల నమ్మకం. ఆవిడ చేతిలో అంత మహిమ ఉందో లేదో నాకు తెలియదు. ధర తగ్గించే గుణం మాత్రం లేదు. బోణీ గిరాకీని ఉత్త చేతులతో పంపకూడదు, అడిగిన ధరకు ఇవ్వకూడదు. ఈ రెండు శాస్త్రాల మధ్య సన్నటి సందులో ఆవిడ నలభై ఏళ్లు హాయిగా కాపురం చేసింది.

పోయిన చలికాలం మొదట్లో అత్తకు న్యుమోనియా వచ్చింది. దవాఖాన నుంచి ఇంటికి పంపుతూ డాక్టరమ్మ, పొద్దుటి చలిగాలి తగలొద్దు, పొగ అసలే వద్దు అని చెప్పింది. మా ఆయన అందులో తనకు కావలసింది ఏరుకున్నాడు.

"ఇగ పొద్దుగాల దుకాణం ముచ్చట బందమ్మా. ఇంట్లనే ఉండు."

"అంటె నన్ను గల్లా మీదికెల్లి దించుతున్నవా?"

"దించుడు గాదు. పానం మంచిగ లేదు గద."

"పానం మంచిగ లేకుంటె పండుకొని సచ్చిపోత గని, వంటింట్ల పీట మీద కూసోని గాదు. ఆ జాగ మీ నాయిన ఇచ్చిండు నాకు. నువ్వియ్యలే."

ఆవిడకు గల్లా అంటే డబ్బు కాదు. డబ్బు సాయంత్రానికి కొడుకు చేతిలోకే పోతుంది. పొద్దున్నే నలుగురు ఊరి నుంచి వచ్చి "సావుకారమ్మా" అని పిలిస్తే తలెత్తి చూసే ఆ చోటు కావాలి ఆవిడకు. అది పోతే ఇంట్లో ఒక మూలన మందుల డబ్బా పక్కన ఇంకో డబ్బా అయిపోతానని ఆవిడ భయం. ఆ మాట పైకి అనలేదు. ఆవిడ ఏ సరుకు అసలు ధరా పైకి చెప్పే మనిషి కాదు.

నేను ఆవిడ పక్షం తీసుకున్నాను. నా మంచితనానికి మురిసిపోయే ముందు సంగతి వినండి. గల్లా మీద లేని అత్త వంటింట్లో ఉంటుంది. ఆ కొన్నాళ్లలోనే నాకు అది బోధపడింది.

"ఉల్లిగడ్డ గింత లావు కోస్తరా? గద్వాలల ఉల్లిగడ్డలు గంత అగ్గువనా?"

"లేదత్తమ్మా, గద్వాలల పండ్లు గట్టియి."

"గందుకె నోరు గంత గట్టిగున్నది."

ఆవిడను తిరిగి గల్లా ఎక్కించడం ఆవిడకంటే నాకే అత్యవసరమైంది. కుంపటి పెడదామంటే పొగ. కరెంటు హీటరు తెచ్చి అరుగు మీద పెట్టి చూశాం. అది కాచిన వేడిని కాచినట్టే గాలి ఎత్తుకుపోయింది. మీటరొక్కటే వెచ్చబడింది. ఆ రోజుల్లోనే నాగర్‌కర్నూల్‌లో ఒక రిసెప్షన్‌కు వెళితే, ఆరుబయట గడ్డిలో మనిషి కంటే పొడుగున్న ఇనుప గొడుగు ఒకటి కనిపించింది. అడుగున గ్యాస్ బండ, పైన ఎర్రగా కాగుతున్న జాలీ, దాని మీద సత్తు గొడుగు. వేడి పైకి పోకుండా కిందికి కొడుతోంది. చుట్టూ చుట్టాలు అరచేతులు చాపి నిలబడ్డారు. పొగ లేదు. పెళ్లికూతురిని చూడ్డానికి స్టేజీ దాకా ఎవరూ పోవడం లేదు.

ఇంటికొచ్చి ఫోనులో వీడియోలన్నీ చూశాను. కొనే వస్తువు గురించి అమ్మేవాడికంటే ఎక్కువ తెలుసుకుని వెళ్లాలని మా నాన్న నేర్పాడు. దాన్ని ప్రొపేన్ హీటర్ అంటారు, మన దగ్గర మామూలు గ్యాస్ బండకే తగిలిస్తారు. కొంచెం ఒరిగినా తనంతట తానే ఆరిపోయే స్విచ్ ఉండాలి. మంట గాలికి ఆరితే గ్యాసు కూడా ఆగిపోయే ఏర్పాటుండాలి. గాలికి పడిపోకుండా అడుగున ఇసుకో నీళ్లో నింపే బరువు డబ్బా ఉండాలి. పైపు పగుళ్లు లేనిదై, ఐఎస్‌ఐ ముద్ర ఉన్నదై ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, అది ఆరుబయట వాడేది. నాలుగు వైపులా గాలి ఆడే చోట తప్ప పెట్టకూడదు. అంతా పాఠంలా వచ్చేసింది. ఈ జ్ఞానాన్నంతా నేను దేనికి వాడానో చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, ఏం పోయింది.

ఆ రిసెప్షన్‌కు సామాను పెట్టిన టెంట్ హౌస్ వాడి దగ్గర పాత హీటరొకటి అమ్మకానికి ఉందని తెలిసింది. పొద్దున్నే మొదటి బస్సెక్కి, అతను షట్టరెత్తుతుండగానే గుమ్మంలో నిలబడ్డాను. బోణీ గిరాకీని ఏ దుకాణదారుడూ ఉత్తగా పంపడు. ఇది దుకాణాల్లో పెరిగిన మా బోటివాళ్లం దుకాణదారుల మీదే వాడే ఆయుధం. తోటివాళ్ల నమ్మకాన్ని ఇలా వాడుకోవడం పాపం కాదా అంటే, పాపమే. కానీ గిట్టుబాటైన పాపం.

"అక్కా, ఇంక దేవునికి అగరొత్తి సుత ముట్టియ్యలే."

"ముట్టియ్యి తమ్మీ. నేను గిట్ల నిలబడ్త. నీ బోణీ నేనే."

అతని మొహం వాడిపోయింది. హీటర్ బయటికి తెచ్చాడు, ధర చెప్పాడు. నేను నవ్వాను. ధర విన్నాక నవ్వడం మొదటి మెట్టు.

"ఒరిగితే ఆరిపోయే స్విచ్ ఉందా దీనికి?"

"ఉండె అక్కా. ఫంక్షన్లల్ల ఎవలన్న జర తగిలితె సాలు ఊకె ఆరుతుండె, పరేషాన్. తీగలు గలిపి డైరెక్ట్ జేసినం."

"గట్లనా. స్విచ్ లేనట్టే గద. తగ్గియ్యి."

తగ్గించాడు.

"అడుగున ఇసుక పోసే డబ్బా ఏది?"

"పల్గింది. పారేసినం."

"డబ్బా లేదు. తగ్గియ్యి."

తగ్గించాడు.

"పైపు జూడు, పాము కుబుసం లెక్కున్నది. కొత్తది నేనే కొనుక్కుంట. తగ్గియ్యి."

"అక్కా," అన్నాడు అతను చేతులు జోడించి, "ఇంకేమన్న లేవు అని యాదికొస్తె అన్ని ఒక్కసారె జెప్పు. ఆఖరికి నేనే నీకు ఆటో కిరాయి ఇచ్చి పంపుత."

నేను రెండడుగులు వెనక్కి వేశాను. అతను గుమ్మం వైపు చూసి, దేవుడి పటం వైపు చూసి, "తీస్కపో" అన్నాడు. చెప్పిన దాంట్లో సగానికి కొన్నాను. నేర్చుకున్న జాగ్రత్తలన్నీ ఒక్కటి కూడా పొల్లుపోకుండా పనికొచ్చాయి. ఒక్కో జాగ్రత్త లేకపోవడాన్ని ఒక్కో తగ్గింపు కింద మార్చుకున్నాను. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడారని సామెత. నేను ఏనుగును కొని, దానికి గొలుసు లేదు కాబట్టి చవకగా ఇవ్వమన్నాను.

పూర్తిగా తెలివి తక్కువదాన్ని అనుకోకండి. పైపు, రెగ్యులేటరు కొత్తవే కొన్నాను, ముద్ర చూసి మరీ. ఇంటి వంటకు వాడే ఎర్ర బండ పెడదామని మనసు గుంజింది కానీ, దుకాణంలో అది కనిపిస్తే కేసవుతుందని వ్యాపారానికిచ్చే నీలం బండే తెప్పించాను. చట్టమంటే అంత భయం నాకు. గాలంటే లేదు. కీళ్ల దగ్గర సబ్బు నురగ పూసి బుడగలు వస్తాయేమో చూస్తుంటే అత్త పక్కన నిలబడి అడిగింది.

"సబ్బు యాడిది? దుకాణంలదా?"

"స్నానాల గదిలదత్తమ్మా."

"అరిగిందేనా?"

"అరిగిందే."

"సరే పుయ్యి."

బుడగలు రాలేదు. మర్నాడు తెల్లవారుజామున గొడుగు వెలిగించాం. శాలువా కప్పుకుని అత్త అరుగెక్కి గల్లా ముందు కూర్చుంది. వేడి వచ్చి మొహానికి తగలగానే కళ్లు మూసుకుంది. ఆవిడ మొహంలో అంత సుఖం నేనెప్పుడూ చూడలేదు. మా ఆయన లోపలికి పోయి కందిపప్పు తూచాడు.

సుఖం కాసేపే. వెలుగు చూసి బజారంతా వచ్చింది. బస్తాలు మోసే హమాలీలు, ఆటోవాళ్లు, పూలమ్ముకునే ఆమె, ఎదురు దుకాణం గుమాస్తా, ఒక మేక. అందరూ అరుగు కిందికి చేరి చేతులు కాచుకుంటూ "మంచి పని జేసినవ్ సావుకారమ్మా, పున్నెం" అన్నారు. ఒక్కరూ ఏమీ కొనలేదు. మేకైతే గోధుమల బస్తా వాసన చూసింది.

అందరూ పోయాక అత్త నన్ను పిలిచింది.

"ఎంత గ్యాస్ కాలింది?"

చెప్పాను.

"దాంట్ల నాకెంత తగిలింది, బజారుకెంత పోయింది?"

నిజమే కదా. మన గ్యాస్, మన బండ, మన గొడుగు. వేడి మాత్రం ఊరి సొత్తు. ఎవరి దుకాణంలోనైనా సరుకు ఇలా ఊరికే బయటికి పోతుంటే చూస్తూ కూర్చుంటారా? దుకాణాల్లో పుట్టినవాళ్లు ఊపిరి ఆడకపోయినా ఓర్చుకోగలరు, నష్టం ఓర్చుకోలేరు. ఈ వాక్యం ఎంత నిజమో మూడు రోజుల్లో తేలింది.

ఎండాకాలం అరుగు మీదికి ఎండ పడకుండా మూడు వైపులా దింపే తాడిపత్రి ఉంది మా దగ్గర, లారీల మీద కప్పే మందపాటి పట్టా. "అది దించు" అంది అత్త. నేను ఒక్కమాట అడ్డు చెప్పలేదు. ఆరుబయట వాడేదని, గాలి ఆడాలని ఎన్ని వీడియోల్లో విన్నానో అన్నీ గుర్తున్నాయి. అయినా పట్టాకు కింద ఒక సందు ఉంచాను. గిరాకీ దూరేంత. గాలికి కూడా అదే సరిపోతుందని నా లెక్క. గాలితో కూడా బేరమాడానన్నమాట.

రెండు రోజులు స్వర్గం. లోపల మార్గశిరం లేదు, చైత్రమే. వేలాడదీసిన షాంపూ పొట్లాల దండ ముడుచుకుపోతే కొంచెం అవతలికి జరిపాం. అత్త కాస్త తలనొప్పి అంది. శాలువా బిగుతుగా కట్టుకుందేమో అనుకున్నాను. నాకూ తల దిమ్ముగా ఉండింది. నిద్ర చాలలేదేమో అనుకున్నాను. తక్కువ ఖర్చుతో పోయే కారణాలు వెతకడం నాకు అలవాటు.

మూడో రోజు ఖిల్లా ఘణపూర్ నుంచి ఒకామె వచ్చింది. ఊళ్లో చిన్న దుకాణం, ఏళ్లుగా అత్త చేతి బోణీ తీసుకునే మనిషి. పట్టా ఎత్తుకుని వంగి లోపలికొచ్చి, బెల్లం కావాలంది. ధర అడిగి, బేరానికి నడుము కట్టుకుంది. ఇప్పుడు అత్త ఒక ధర చెబుతుంది, ఈమె అయ్యో అంటుంది, అత్త ఇంకో దుకాణం చూపిస్తుంది. రోజూ జరిగే పూజ అది. నేను అరుగు వెనకవైపు పేర్చిన ఉప్పు బస్తాల మీద కూర్చుని వింటున్నాను.

అత్త ఆమె వైపు మెల్లగా చూసి నవ్వింది.

"నీకెంత తోస్తె గంత ఇయ్యి బిడ్డా."

బేరం కలిసొచ్చిందని ఆమె సంతోషించలేదు. సంచీ కింద పెట్టేసింది. నా వైపు తిరిగిన ఆమె కళ్లలో భయం చూశాను.

"వదినా, సావుకారమ్మకేమో అయితుంది!"

తోచినంత ఇమ్మనే మాట అత్త నోట న్యుమోనియాలో కూడా రాలేదు. జ్వరంలో కలవరిస్తూ కూడా ఆవిడ ధరలు సరిగ్గానే చెప్పింది. నేను లేవబోతే కాళ్లు నావి కానట్టున్నాయి. అప్పుడు, అప్పుడు మాత్రమే, వీడియోల్లోని మాట పూర్తిగా చెవికెక్కింది. "పట్టా లాగు! పట్టా లాగు!" అని అరిచాను. ఆమె రెండు చేతులతో పట్టా పట్టుకుని బలంగా గుంజితే కొక్కేలతో సహా ఊడి వచ్చింది. చల్లగాలి ఒక్కసారి లోపలికి వచ్చింది. అత్త చంకల కింద చేతులు వేసి బజారులోకి ఈడ్చుకొస్తుంటే నా భుజం తగిలి గొడుగు ఒరిగింది. అడుగున బరువు లేదు కదా, చులాగ్గా ఒరిగింది. ఉప్పు బస్తాలకు ఆనుకుని నిలిచింది. ఒరిగితే ఆరాలి కదా. ఆరలేదు. ఆరకుండా ఉండడానికే నేను తగ్గింపు తీసుకున్నాను. బస్తా సంచి కరుగుతూ కంపు కొట్టింది. మా ఆయన లోపలి నుంచి ఉరికొచ్చి బండ దగ్గర కాక్ తిప్పి కట్టేశాడు. బస్తాల్లో ఉన్నది ఉప్పు. పక్క వరసలో కర్పూరం డబ్బాలు. ఏ వరస ఎక్కడుండాలని నేనైతే ఎప్పుడూ ఆలోచించలేదు, గొడుగు అటు ఒరగకపోవడం మా అదృష్టం.

ఆటో ఎక్కించింది ఆ ఘణపూర్ ఆమే. దవాఖానలో ఆక్సిజన్ పెట్టారు. వరుసలో నాకు కూడా పెట్టారు. డాక్టరమ్మ నన్ను చూసి అంది: "మంటకు గాలి కావాలమ్మా. అది సరిపోకుంటె వచ్చే విషానికి పొగ ఉండదు, వాసన ఉండదు. బయట పెట్టేదాన్ని మీరు గదిల పెట్టుకున్నరు."

"గది గాదమ్మా, అరుగు," అన్నాను.

"మూడు దిక్కుల పట్టా, నాలుగో దిక్కు దుకాణం. అది గది గాకుంటె ఏంది?"

బేరానికి చోటు లేదు.

మధ్యాహ్నానికి అత్త ముక్కు మీది గొట్టం పక్కకు జరిపి నన్ను పిలిచింది.

"బోణీ అయిందా?"

"కాలేదత్తమ్మా."

"ఆటో కిరాయి ఎవలిచ్చిండ్రు?"

"ఘణపూర్ ఆమెనే."

"బెల్లం సుత తీస్కపోలే, కిరాయి ఆమెనే ఇచ్చిందా!" అని ఆవిడ కళ్లు మూసుకుంది. ఆవిడ తలకాయ తిరిగి పని చేస్తోందని నాకు ధైర్యం వచ్చింది.

ఇంటికొచ్చాక తీర్పు మా ఆయనది. గొడుగు పాత ఇనుముకు. అమ్మ వంటింటికి. ఎండ వచ్చాక కావాలంటే వచ్చి కాసేపు కూర్చోవచ్చు, బోణీ మాత్రం ఆగదు. "పొద్దుగాల గల్లా మీద నువ్వు కూసో" అన్నాడు నాతో. వద్దు వద్దు అన్నాను. ఎంత మెల్లగా అన్నానంటే నాకే వినిపించలేదు. అత్త గల్లాపెట్టె తాళంచెవి కొంగు ముడి విప్పి పీట మీద పెట్టింది. చేతికి ఇవ్వలేదు.

మర్నాడు తెల్లవారకముందే నేను గల్లా ముందు కూర్చున్నాను. ఇన్నేళ్లకు. ఒళ్లు సర్దుకుని, చీర కుచ్చిళ్లు సరిచేసుకుని, మొదటి గిరాకీకి ఏ ధర చెప్పి ఎక్కడ ఆగాలో లెక్క వేసుకున్నాను. ఘణపూర్ ఆమె వచ్చింది, అమరచింత వైపు నుంచి ఇద్దరు మగవాళ్లు వచ్చారు. అత్తకెట్లుందని అడిగారు. చెప్పాను. "ఏం కావాలె?" అన్నాను.

"తీస్కుంటం తియ్యి వదినా," అంది ఆమె. "సావుకారమ్మ ఎప్పుడొస్తది?"

"ఎండ వచ్చినంక."

"గయితె గప్పుడె తీస్కుంటం."

"నా చెయ్యి చెయ్యి గాదా? మంచి చెయ్యే నాది."

"మంచిదే వదినా, కాదన్ననా? గని నువ్వు బేరగత్తెవు. నీ చేతి బోణీ ఇంటికి తీస్కపోతె లాభం నీ దిక్కే గుంజుతది, మా దిక్కు రాదు."

మగవాళ్లిద్దరూ గట్టిగా నవ్వి, బజారులోకి దిగి, తలకు తువ్వాలలు చుట్టుకుని నిలబడ్డారు. చలికి ఒకళ్లనొకళ్లు ఆనుకున్నారు. గాలి మామూలుగా లేదు ఆ రోజు. ఎదురు దుకాణం సేటు తన అరుగు మీద నుంచి "ఓ అన్నా, గింత చలిల గాడేంది, మా దగ్గరికి రాండ్రి, చాయ్ తాపుత" అని పిలిచాడు. ఇద్దరిలో ఒకడు అటు చూశాడు. కదల్లేదు కానీ, చూశాడు. మా ఆయన లోపలి నుంచి ఆ చూపును చూశాడు. రెండు రోజులు అదే జరిగింది. మూడో రోజు వచ్చిన నలుగురిలో ఒకడు చాయ్ తాగడానికి సేటు దగ్గరికి పోయాడు.

ఆ మధ్యాహ్నం మా ఆయన నా దగ్గరికొచ్చి, గోడ వైపు చూస్తూ అన్నాడు: "గా గొడుగు... అన్ని పెట్టిస్తె మంచిగ పని చేస్తదా?"

మర్నాడు, ఇంకా పాత ఇనుముకు పోని గొడుగును బస్సు మీద వేసుకుని మళ్లీ నాగర్‌కర్నూల్ వెళ్లాను. నేను చేరేటప్పటికి ఎండ బాగా ఎక్కింది. టెంట్ హౌస్ అతను నన్ను చూసి నవ్వాడు. "అక్కా, ఇయ్యాల నా బోణీ పొద్దుగాలనే అయింది" అన్నాడు. స్విచ్ కలపడానికి, కొత్త బరువు డబ్బాకు, గాలికి ఆరితే గ్యాస్ ఆపే భాగం మార్చడానికి ఎంత చెప్పాడో అంతా ఇచ్చాను. జీవితంలో మొదటిసారి బిల్లు చూసి నవ్వలేదు. మెకానిక్ వెలిగించి, గొడుగును కొంచెం వంచాడు. టక్కున ఆరింది. ఇంటికి తెచ్చాక మా ఆయన కూడా వంచి చూశాడు. ఆరింది. మళ్లీ వెలిగించి వంచాడు. ఆటబొమ్మ దొరికినట్టు మళ్లీ వంచబోతే నేనే ఆపాను.

ఈసారి గొడుగు అరుగెక్కలేదు. రేకుల పందిరి దాటి బజారు అంచున, మోరీ పక్కన చదును నేల చూసి నిలబెట్టాం. అడుగు డబ్బాలో ఇసుక. బండ నిటారుగా. చుట్టూ ముగ్గుపిండితో పెద్ద గుండ్రం గీశాను. గీత లోపలికి బస్తా, సంచి, కొంగు, మేక రాకూడదు. తాడిపత్రిని చుట్టి అటక మీదికి ఎక్కించాం. వెలిగించేది, కాక్ కట్టేసేది మా ఆయన ఒక్కడే. అది వెలిగినంతసేపు ఆయన అక్కడి నుంచి కదలకూడదు. కదలడం లేదు కూడా. హాయిగా ఉందట.

మర్నాడు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు గీత బయట చేతులు చాపి నిలబడ్డారు. హమాలీలు వచ్చారు, పూలామె వచ్చింది. ఎదురు సేటు గుమాస్తా చాయ్ గ్లాసుతో సహా వచ్చాడు. ఎవరూ ఏమీ కొనడం లేదు, ఎవరూ ఎటూ పోవడం లేదు. అందరూ అత్త కోసం చూస్తున్నారు. గల్లా మీద నేను లేను. నా చెయ్యి సంగతి తేలిపోయింది కదా, లోపల బెల్లం అచ్చులు లెక్కబెడుతున్నాను.

రేకుల మీదికి ఎండ పాకి, అరుగు అంచు వెచ్చబడ్డాక అత్త వచ్చింది. శాలువా, మఫ్లరు, మళ్లీ కొంగుకెక్కిన తాళంచెవి. గీత చుట్టూ ఉన్న గుంపును ఒక చివర నుంచి ఇంకో చివర దాకా చూసింది. ఊరికే పోతున్న వేడిని చూసింది. ఆవిడ అరుగెక్కి కూర్చుని, గల్లాపెట్టె ముందుకు లాక్కుంది.

ఘణపూర్ ఆమె ముందుకొచ్చి దండం పెట్టి, బెల్లం అడిగింది. అత్త ధర చెప్పింది. మామూలు ధర మీద కొంచెం ఎక్కువే.

"అయ్యో సావుకారమ్మా, గంత పిరమా? జర తగ్గియ్యవా?"

అత్త గొడుగు వైపు గడ్డం ఎగరేసింది.

"పొద్దుగాల సంది ఊకెనె మంట కాగినవ్ గద బిడ్డా. ఇంక తగ్గియ్యాల్నా?"